సూపర్‌కంప్యూటర్ కొన్నాం సరే, కోడ్ ఎవరు తిరగరాస్తారు?

పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలలో నార్లాపూర్ పంపు ఒక్కోటి 145 మెగావాట్లది. ఆ ఒక్క పంపు తాగే కరెంటుతో ఫ్రాంటియర్ లాంటి సూపర్‌కంప్యూటర్లు ఆరు దాకా నడుస్తాయి. 2022లో ఎక్సాఫ్లాప్ గీత (సెకనుకు ఒకటి పక్కన 18 సున్నాలన్ని లెక్కలు) దాటిన ఆ అమెరికా యంత్రం ఇంత పొదుపుగా ఉండటానికి ముఖ్య కారణం జీపీయూలు, అంటే ఒకేసారి వేల లెక్కలు చేసే చిప్‌లు. లెక్కల బరువు దాదాపు అంతా వాటిదే.

అయితే ఆ వేగం సూపర్‌కంప్యూటర్లకు ర్యాంకులిచ్చే లిన్‌ప్యాక్ పరీక్షలో వచ్చింది. నీటి, గాలి ప్రవాహాల లెక్కలకు దగ్గరగా ఉండే హెచ్‌పీసీజీ పరీక్ష పెడితే అదే ఫ్రాంటియర్ వేగం అందులో నూటికి ఒక వంతు చుట్టుపక్కలే. ప్రవాహాన్ని చిన్న చిన్న గడులుగా విడగొట్టి, ప్రతి గడికీ పక్క గడుల పీడనం, వేగం మెమరీ నుంచి తెచ్చుకోవాలి. తెచ్చినదాంతో చేసే లెక్క మాత్రం కాస్తే. ఒక గుణకారానికయ్యే కరెంటు కంటే దానికి కావాల్సిన అంకెను మెమరీ నుంచి తేవడానికయ్యేది ఎన్నో రెట్లు ఎక్కువ. పాత కోడ్‌ను అలాగే కొత్త యంత్రంలో వేస్తే జీపీయూలు డేటా కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి. కరెంటు మీటర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

మందు కోడ్‌లోనే ఉంది. డేటాను జీపీయూ మీదే ఉంచాలి, సీపీయూకీ (మామూలు ప్రాసెసర్‌కీ) దానికీ మధ్య తిప్పకూడదు. ఒక్కో అంకెను రాయడానికి 64 బిట్లు అక్కర్లేని చోట 32తో సరిపెట్టాలి. యూరప్ వాతావరణ కేంద్రం 2021లో ఇలాగే 32 బిట్లకు మారింది. మిగిలిన సమయంతో ఎన్సెంబుల్ అంచనాల్లో (ఒకే అంచనాను చిన్న తేడాలతో చాలాసార్లు నడిపేవి) వాతావరణ పొరలను 91 నుంచి 137కు పెంచుకుంది. స్విట్జర్లాండ్ 2016లోనే రోజువారీ అంచనాలను జీపీయూల మీదకు మార్చింది, కానీ దాని వెనుక ఏళ్ల తరబడి పని ఉంది. ఫోర్ట్రాన్ అనే పాతకాలపు ప్రోగ్రామింగ్ భాష అంటే మన పిల్లలు నవ్వుతారు గానీ, పెద్ద వాతావరణ మోడళ్లలో చాలా కోడ్ ఇప్పటికీ అదే!

మన దేశంలో 2024లో వాతావరణ అంచనాల కోసం అర్క, అరుణిక సూపర్‌కంప్యూటర్లు వచ్చినప్పుడు పేపర్లు పెటాఫ్లాప్‌లు (ఎక్సాఫ్లాప్‌లో వెయ్యో వంతు) లెక్కపెట్టాయి. ఒక్కో అంచనాకు ఎన్ని యూనిట్లు కాలుతున్నాయని ఎవరూ పెద్దగా అడగలేదు.

కృష్ణ వరదకైతే అంత పెద్ద యంత్రం కూడా అక్కర్లేదు. 2009 అక్టోబరులో అలంపూర్ మునిగింది. శ్రీశైలానికి దాని డిజైన్‌ను మించి 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. జూరాల నుంచి సాగర్ దాకా నీరు ఎటు పరుచుకుంటుందో పొడవు, వెడల్పు రెండు దిశల్లోనూ లెక్కగట్టి చెప్పే వరద మోడల్‌ను జాగ్రత్తగా రాస్తే కొద్దిపాటి జీపీయూలతోనే నడపొచ్చు. పాలమూరు, నల్లగొండ యూనివర్సిటీల విద్యార్థులకు ఈ పని ఎందుకు ఇవ్వకూడదు? ఇకమీద సూపర్‌కంప్యూటర్ టెండర్లలో ఫ్లాప్‌ల పక్కన ఒక్కో అంచనాకయ్యే కరెంటు కూడా అడగాలి, కోడ్ తిరగరాసే మనుషుల జీతాలకు బడ్జెట్‌లో వేరే పద్దు పెట్టాలి.