నాన్నమ్మ చేతి తూకం

పర్లాకిమిడి, బరంపురం తెలుగు ఇళ్లలో శిశువు ఆరోగ్యాన్ని నిర్ణయించే అధికారం వైద్యుడికి గాని, అంగన్‌వాడీ తూకపు యంత్రానికి గాని ఏనాడూ దక్కలేదు. బిడ్డను ఒక్కసారి ఎత్తుకుని, "ఏటమ్మా, పిల్లడు ఇలాగ చిక్కిపోనాడు" అని తీర్పు చెప్పగల నాన్నమ్మ చేతిలోనే అది భద్రంగా ఉంది. పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ అయిదారు నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడింతలు తూగితే చాలునని వైద్యులంటారు. పెళ్లి పంక్తిలోనే చెల్లని ఆ 'చాలు' ఉయ్యాల దగ్గర చెల్లుతుందా?

కనుక ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు సైతం వద్దన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటను సగౌరవంగా పక్కనబెట్టి, మూడో నెలలోనే పాలడబ్బా తెరుస్తారు. డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ ఉండరాదని, తల్లిపాలే శ్రేష్ఠమని అచ్చువేయాలని 1992 నాటి చట్టం శాసించింది. అదంతా చదివే తీరిక ఎవరికి? చెంచాతో పొడిని సమంగా కాక గుట్టగా పోస్తేనే ప్రేమ అన్న సూత్రం మాత్రం ఎక్కడా అచ్చు కాకుండానే అందరికీ కంఠస్థం.

వేరుశెనగ విషయంలో నాన్నమ్మా, అమెరికా పిల్లల వైద్యుల సంఘమూ కొంతకాలం ఏకాభిప్రాయంతో ఉన్నారు. ఎలర్జీ ముప్పున్న పిల్లలకు మూడేళ్లదాకా పెట్టవద్దని 2000లో చెప్పిన ఆ సంఘం, ఆధారం చాలదని 2008లో వెనక్కి తగ్గింది. అటువంటి ముప్పున్న 640 మంది శిశువులపై బ్రిటన్‌లో జరిపి 2015లో ప్రకటించిన పరిశోధనలో, ఏడాది నిండకముందే మొదలుపెట్టి వేరుశెనగ తినిపిస్తూ వచ్చిన పిల్లల్లో అయిదేళ్లకు నూటికి సుమారు ముగ్గురికి, దూరంగా ఉంచిన వారిలో పదిహేడుగురికి దాని ఎలర్జీ కనబడింది. అయితే మాట వెనక్కి తీసుకునే ఆనవాయితీ మన వంశాలలో లేదు.

బొద్దుగా పెరిగిన మనవడు బడి మెట్లెక్కుతూ పిల్లికూతలు పెట్టిననాడు విచారణ మొదలై, పెరుగు, అరటిపండు దోషులుగా తేలి బహిష్కృతమవుతాయి. అధిక బరువున్న పిల్లలలో ఉబ్బసం ఎక్కువగా కనబడుతోందని అధ్యయనాలు చెబుతున్నా, ఇంటిల్లిపాదీ కష్టపడి పెంచిన బరువును అనుమానించడం మర్యాద కాదు గదా! గది మూల దోమల చక్రం పొగ, వంటింటి కట్టెల పొగ, తీర్పు చెబుతున్న నాన్నమ్మగారి నోట్లోని అడ్డపొగ సాక్షులుగానైనా పిలవబడవు. వైద్యుడు ఇన్‌హేలర్ రాస్తే మాత్రం ఇల్లంతా ఉలిక్కిపడుతుంది. అది అలవాటైపోతుందట, అందులోనూ అందరికంటె ఎక్కువ భయపడేది, చుట్ట నిప్పు నోట్లోకి తిప్పుకుంటున్న నాన్నమ్మే.