క్షణంలో మంటా? లంబసింగిలో నా వల్ల కాలేదు

మెగ్నీషియం దిమ్మ (పొడి గీకి, నిప్పురవ్వతో అంటించే చిన్న లోహపు ముక్క) జేబులో ఉంటే వానలోనైనా క్షణంలో మంట పుడుతుందని మీ వ్యాసంలో రాశారు. అంత సులువు కాదండీ. డిసెంబరులో వైజాగ్ నుంచి నలుగురం లంబసింగి వెళ్లినప్పుడు గొప్పగా బయటికి తీశాను. గీకిన పొడంతా గాలికి ఎగిరిపోయింది. ఇరవై నిమిషాల తంటాల తర్వాత టీ కొట్టాయన అగ్గిపెట్టే దిక్కయింది! మావాళ్లు ఇప్పటికీ ఆ మాటెత్తి నవ్వుతారు.

తప్పు నాదే. ఇంటికొచ్చాక మేడ మీద పది రోజులు సాధన చేస్తే గాని కిటుకు తెలియలేదు. నిప్పురవ్వలు వచ్చేది మెగ్నీషియం నుంచి కాదు, దిమ్మ అంచున అతికించిన సన్నటి ఫెర్రో కడ్డీ (గీకితే రవ్వలు రాల్చే మిశ్రలోహం) నుంచి. దాని మీది నల్ల పూత ముందే గీకేయాలి. కత్తి పదును వైపు వద్దు, వెనక అంచు చాలు. పొడిని కొబ్బరి చిప్పలో, పీచు మీద రూపాయి బిళ్లంత కుప్పగా రాల్చుకుంటే గాలికి పోదు. అది దాదాపు 3,000 డిగ్రీల వేడితో మండుతుంది గానీ కొన్ని సెకన్లే. ఆలోపు అందుకోవడానికి ఎండు పుల్లలు సిద్ధంగా లేకపోతే అంతే సంగతులు.

మన సముద్రపు గాలికి ఆ కడ్డీ తొందరగా పాడవుతుంది, కాస్త నూనె రాసి దాచండి. మండే మెగ్నీషియం మీద నీళ్లు మాత్రం పోయకండి, హైడ్రోజన్ పుట్టి మంట ఎగదన్నుతుంది. పొడి ఇసుక వేయాలి. ఈ ముక్క వ్యాసంలో లేకపోవడం పెద్ద లోటు.

అన్నట్టు, కంబాలకొండ లాంటి రిజర్వు అడవిలో ఈ సాధనలు పెట్టుకోకండి, కేసవుతుంది.