ఊరికే ఇచ్చేది మనకెందుకండీ?

2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ వాళ్లు మామూలు అప్‌డేట్లు ఆపేసి విండోస్ 10కి నీళ్లొదిలేశారు. ఇదే అదనుగా కొంతమంది కుర్రాళ్లు జేబులో పెన్‌డ్రైవ్ పెట్టుకుని బంధువుల ఇళ్ల మీద పడుతున్నారు. కాఫీ సగం తాగేదాకా ఊరి కబుర్లు చెప్పి, మిగతా సగంలో "బాబాయ్, మీ సిస్టమ్‌లో విండోస్ తీసేసి లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వేసేద్దామా, ఫ్రీ, వైరస్ గొడవుండదు, స్పీడుంటుంది" అని మెల్లగా మొదలుపెడుతున్నారు. పిన్ని కూడా తలూపుతోంది. పరిస్థితి చేయి దాటక ముందే బాధ్యత గల పౌరులెవరో ఒకరు నోరు విప్పాలి కదా, ఎవరూ విప్పేలా లేరు కాబట్టి నేను విప్పుతున్నాను.

ముందు మైక్రోసాఫ్ట్ వైపు న్యాయం చూద్దాం. విండోస్ 11 కావాలంటే కంప్యూటర్లో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే ఇంచుమించు ఎనిమిదో తరం నుంచి మొదలు. సంబంధం కలుపుకునే ముందు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడమని మన పెద్దలు చెప్పనే చెప్పారు, వీళ్లు ఏడుతో ఆగకుండా ఇంకొక్క తరం పైకెళ్లారు, అంతే. దానికే అంత గోల చేయాలా? మీ మెషీన్‌లో ఎనిమిది జీబీ ర్యామ్ ఉంది, మొన్ననే ఎస్ఎస్‌డీ వేయించారు, బటన్ నొక్కితే పది సెకన్లలో లేస్తుంది, అన్నీ ఒప్పుకుంటాను. తరం దగ్గర తేడా వచ్చాక మనం చేసేదేముంది?

2015లో మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకాయన వేదిక మీద నిలబడి "విండోస్ 10యే చివరి విండోస్" అనే అర్థం వచ్చేలా మాట్లాడారు. 2021లో 11 దిగేసరికి అందరూ ఆయన్ని ఎగతాళి చేశారు. ఇప్పుడు చూడండి, మన ఇళ్లలో ఉన్న ఎన్నో పాత మెషీన్లకు నిజంగానే అదే చివరి విండోస్ అయింది. మాట మీద నిలబడే మనుషులు ఇంకా ఉన్నారు.

పైగా వాళ్లేమీ నిర్దయగా గెంటేయలేదు. ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తాం, 30 డాలర్లు కట్టండి, కట్టలేకపోతే మా రివార్డ్ పాయింట్లు వెయ్యి ఇవ్వండి, అవీ లేకపోతే మీ సెట్టింగులు మా క్లౌడ్‌లో దాచుకోండి, ఊరికే ఇస్తాం అన్నారు. ఇంతకన్నా ఏం చేస్తారు? కాకపోతే ఇదంతా విండోస్ కొనుక్కున్నవాళ్ల కోసం పెట్టిన ఏర్పాటు. అసలు చిక్కు ఇక్కడే ఉంది, లినక్స్ ప్రచారకులు బోర్లా పడేదీ ఇక్కడే.

వాళ్లు పెద్ద బ్రహ్మాస్త్రంలా "ఫ్రీ" అంటారు. అయ్యా, విండోస్‌కు డబ్బు కట్టినవాణ్ణి మన మండలంలో ఒక్కణ్ణి చూపించండి. ల్యాప్‌టాప్‌తో వచ్చింది లెక్కలోకి రాదు, అది ఎలాగూ మొదటి ఫార్మాట్‌తోనే పోతుంది. మా వీధి చివర సిస్టమ్ రిపేరు షాపు ఉంది. అయిదు వందలకి విండోస్, ఆఫీస్, ఫోటోషాప్, తెలుగు అచ్చుకి వాడే అను ఫాంట్లు, యాంటీవైరస్, పాటల సాఫ్ట్‌వేరు అన్నీ కలిపి ఎక్కించి ఇస్తాడు. అతని చేతివాటం దగ్గరుండి చూడాల్సిందే. ముందు విండోస్‌తో వచ్చే కాపలాదారు డిఫెండర్‌ని ఆపుతాడు, ఎందుకంటే దొంగ విండోస్‌ని అసలుదిగా నమ్మించే యాక్టివేటర్‌ని పట్టుకుని అది వైరస్, వైరస్ అని అరుస్తుంది. యాక్టివేటర్ పని కాగానే యాంటీవైరస్ వేస్తాడు, దానికీ క్రాక్ కావాలి కాబట్టి ఇంకోసారి అందరినీ పడుకోబెడతాడు. చివర్లో స్క్రీన్ మీద పచ్చటి టిక్కు పెట్టి "మీ కంప్యూటర్ సురక్షితం" అని వస్తుంది. అది చూసుకుని మనం ఇంటికెళ్లి నెట్ బ్యాంకింగ్ తెరుస్తాం. "డెస్క్‌టాప్ మీద ఏమన్నా ఉన్నాయా సార్" అని అతను అడిగినప్పుడు "ఏం లేవులే" అనేశాం కాబట్టి పిల్ల అన్నప్రాశన ఫోటోలు కూడా పోయుంటాయి, అది వేరే సంగతి.

ఒక్కోసారి ఆ యాక్టివేటర్ పట్టు తప్పితే కుడివైపు కింద మూల "యాక్టివేట్ విండోస్" అని లేత అక్షరాలు వస్తాయి. ఏళ్ల తరబడి ఆ అక్షరాల మీదుగానే ఎక్సెల్ షీట్లు చూసుకున్న కుటుంబాలున్నాయి. అలాంటివాళ్ల దగ్గరికెళ్లి, చట్టబద్ధంగా, రశీదు కూడా అడక్కుండా, లోపలి ప్రోగ్రాము రాత, అదే సోర్స్ కోడ్‌తో సహా ఇస్తాం తీసుకోండి అంటే అనుమానం రాదా? దొంగతనంగా వచ్చినదానికి ఏం జరుగుతుందో మనకు తెలుసు. అడిగి ఇచ్చినదాని వెనకాల ఏముందో ఎవరికి తెలుసు?

ఇక భాష సంగతి. లినక్స్‌లో తెలుగు బాగుంటుందంటారు, యూనికోడ్ అక్షరాలు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, అన్నీ ముందే ఉంటాయంటారు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సాఫ్ట్‌వేర్ ఉద్యమ సంస్థ వాళ్లు ఇరవై ఏళ్ల కిందటే మెనూలతో సహా తెలుగులో కనిపించే లినక్స్ తయారు చేశారు కూడా. అంత కష్టపడ్డారు సరే, పెళ్లి శుభలేఖ ఎవరు కొడతారు? మన శుభలేఖలు, దశదిన కర్మ కార్డులు, స్కూలు ప్రశ్నపత్రాలు ఇప్పటికీ చాలా చోట్ల పేజీలు పేర్చే పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లలో పుడుతున్నాయి. ఆ పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, అడోబీ దాని తర్వాత ఇంకో వెర్షన్ తీసుకురాలేదు. 2001లో పుట్టిన ఆడపిల్ల పెళ్లికార్డు కూడా అందులోనే అచ్చయింది. ఆ ఫైల్ తెచ్చి లినక్స్‌లో తెరిచి చూడమనండి. ముహూర్తం ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ డాలరు గుర్తులూ కలిసి ఏదో శాపనార్థంలా కనిపిస్తాయి. అను లేని ఏ కంప్యూటర్లోనైనా, అది విండోసైనా సరే, అంతేనని మీరు అనొచ్చు. అనకండి. డీటీపీ చేసే ఆయన వింటే ప్రూఫు ఇంకో రెండు రోజులు లేటు చేస్తాడు.

ప్రింటరు కూడా ఉంది. జిరాక్సు షాపులో, ఆడిటరు ఆఫీసులో, స్కూలు గుమాస్తా బల్ల మీద, ఎక్కడ చూసినా కెనాన్ ఎల్‌బీపీ 2900 అనే ఒక బండరాయి ఉంటుంది. కార్ట్రిడ్జిలో పౌడర్ పోయించుకుంటూ మనిషి రిటైరయ్యేదాకా పని చేస్తుంది. లినక్స్‌లో మిగతా ప్రింటర్లు చాలావరకు సీడీ అడక్కుండానే పలుకుతాయట, ఇది మాత్రం బతిమాలించుకుంటుంది. లినక్స్ మేధావులు సూపర్ కంప్యూటర్లు నడిపిస్తున్నారు, సంతోషం. ముందు 2900తో ఒక ఆదాయ ధ్రువపత్రం తీసి చూపించమనండి.

సూపర్ కంప్యూటర్లంటే గుర్తొచ్చింది. ప్రపంచంలో టాప్ 500 జాబితాలోని యంత్రాలన్నీ 2017 నవంబరు నుంచి లినక్స్ మీదే నడుస్తున్నాయి. మీ జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్నదీ లినక్స్ గుండెకాయే, కెర్నెల్ అంటారు దాన్ని. అమీర్‌పేటలో లినక్స్ అడ్మిన్ కోర్సు బోర్డు కింద నుంచి దూరకుండా మెట్లెక్కడం కష్టం. ఆ మెట్లెక్కి కోర్సు చేసిన అబ్బాయి పొద్దుటి నుంచి రాత్రి దాకా హైటెక్ సిటీలో వందలాది లినక్స్ సర్వర్లను సాకి, ఇంటికొచ్చి స్నానం చేసి, క్రాకు విండోస్ ఆన్ చేసుకుంటాడు. నన్నడిగితే ఇదే సరైన పద్ధతి. ఆఫీసు సామాన్లు ఇంటికి తేకూడదు.

అసలు దీన్ని పుట్టించినాయన మీదే నాకు నమ్మకం లేదు. 1991లో హెల్సింకిలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్, ఇదేదో నా సరదా కోసం చేస్తున్నది, పెద్దదేమీ అవదు అని రాసి పెట్టాడు. తర్వాత ఏం జరిగిందో చూస్తూనే ఉన్నాం. మాట మీద నిలబడలేదు.

లినక్స్ అలవాటైన మనుషులైనా కుదురుగా ఉంటారా అంటే అదీ లేదు. ఇద్దరు విండోస్ వాడేవాళ్లు కలిస్తే ఇల్లూ పిల్లల గురించి మాట్లాడుకుంటారు. ఇద్దరు లినక్స్ వాడేవాళ్లు కలిస్తే, లినక్స్‌లోనే ఉన్న రకాల్లో ఉబుంటు మంచిదా, మింట్ మంచిదా, ఫెడోరా మంచిదా అని మొదలై, ఆర్చ్ వాడేవాడు మూడోవాడుగా వచ్చేసరికి మాటలు ఆగిపోతాయి. మధ్యలో మామయ్యగారు వైఫై రావట్లేదురా అని అడిగితే ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచి పాస్‌వర్డ్ కొట్టమంటారు. ఆయన కొడతారు. స్క్రీన్ మీద చుక్క కూడా కదలదు. చాలా లినక్స్‌లలో టెర్మినల్‌లో పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఏమీ కనపడదని, అదే దాని భద్రతని ఆయనకు ఎవరూ చెప్పరు. కీబోర్డ్ పాడైందనుకుని ఆయన ఇంకా గట్టిగా కొడతారు.

విదేశాల ఉదాహరణలు తేకండి, నా దగ్గరా ఉన్నాయి. జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లినక్స్‌కు మారతామంటే, మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ స్కీయింగ్ సెలవు మధ్యలో ఆపుకుని మేయరు దగ్గరికి వచ్చి బతిమాలాడు. వాళ్లు వినలేదు. పదేళ్లు కిందా మీదా పడి దాదాపు 15 వేల కంప్యూటర్లు మార్చారు. 2017లో మళ్లీ విండోస్‌కే పోదామని కౌన్సిల్ తీర్మానం చేసింది. 2020లో కొత్త కూటమి వచ్చి, కాదు, ఓపెన్ సోర్సే ముద్దు అంది. ప్రభుత్వం మారగానే పంచాయతీ ఆఫీసుకు రంగు మార్చే తెలివి మనకే ఉందనుకున్నాను, జర్మన్లూ తక్కువేం కాదు. ఇప్పుడు అక్కడే ష్లెస్విగ్-హోల్‌స్టైన్ అనే రాష్ట్రం 30 వేల కంప్యూటర్లను మైక్రోసాఫ్ట్ ఆఫీస్ నుంచి ఫ్రీగా దొరికే లిబ్రేఆఫీస్‌కి మారుస్తోంది, ఆ తర్వాత లినక్సేనట.

కేరళ సంగతి మాత్రం ఎత్తకండి. అక్కడి సర్కారు బడి పిల్లలు ఇరవై ఏళ్లకు దగ్గరగా లినక్స్ మీదే చదువుకుంటున్నారు, ఇంక్‌స్కేప్‌లో బొమ్మలు గీస్తారు, పైథాన్‌లో ప్రోగ్రాములు రాస్తారు. మన పిల్లలకు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మంచిదన్న చర్చ కంప్యూటర్ గది తాళంచెవి ఎవరి దగ్గరుందో తేలాక పెట్టుకుందాం.

ఇంత రాసి కూడా, రెండు వైపులా విందామని మొన్న మా షాపు కుర్రాడినే అడిగాను. విండోస్ 11కి మా మెషీన్ పనికిరాదటగా అంటే నవ్వాడు. విండోస్ ఎక్కించే పెన్‌డ్రైవ్ తయారు చేసేటప్పుడు, రూఫస్ అనే సాఫ్ట్‌వేరులో ఒక టిక్కు పెడితే టీపీఎం అడగదట, తరం అడగదట, పది నిమిషాల పనట. ఎప్పటిలాగే అయిదు వందలే.

"మరి లినక్స్ వేస్తావా?"

"వేస్తాను సార్. పదిహేను వందలు."

"అదేంటయ్యా, అది ఫ్రీ కదా!"

"ఫ్రీయే సార్. కానీ అది వేయించుకున్న కస్టమరు మళ్లీ రాడు."