సవరణ: మొదటి దశ దాటితే మందు పనిచేసినట్టు కాదు

దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కొత్త మందుల గురించిన మొన్నటి పోస్టులో 'మొదటి దశ దాటింది, ఇక పనిచేస్తుందని తేలినట్టే' అన్న వాక్యం తీసేశాం. మనుషుల మీద చేసే మందు పరీక్షల్లో (క్లినికల్ ట్రయల్స్) మొదటిదైన ఆ దశలో సాధారణంగా 20 నుంచి 100 మందికి, చాలాసార్లు ఆరోగ్యవంతులకే, చిన్న డోసుతో మొదలుపెట్టి పెంచుతూ పోతారు. ముఖ్యంగా చూసేది మందు ఒంటికి పడుతోందా, రక్తంలో ఎంతసేపు ఉంటోంది అన్నదే.

రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపే ఒక వ్యర్థపదార్థం) పెరిగితే కిడ్నీ దెబ్బతిన్నట్టేనన్న మాట కూడా ప్రతిసారీ నిజం కాదు. ట్రైమెథోప్రిమ్ (ఒక యాంటీబయాటిక్) లాంటి మందులు క్రియాటినిన్ మూత్రంలోకి వెళ్లే ఒక దారిని అడ్డుకుంటాయి, కిడ్నీల వడపోత మాత్రం మామూలుగానే సాగుతుంది. అనుమానముంటే వడపోతను అంచనా వేసే మరో రక్తపరీక్ష, సిస్టాటిన్ సి కూడా చూస్తారు. అలాగని వడపోత అంకె మెరుగైందని సంబరపడిపోనక్కర్లేదు. కిడ్నీ జబ్బుకు పరీక్షించిన బార్డాక్సోలోన్ అనే మందు తొలి పరీక్షల్లో వడపోత అంకె పెరిగింది. తీరా పెద్ద ట్రయల్‌లో గుండె వైఫల్యం కేసులు ఎక్కువై, 2012లో ఆ ట్రయల్‌ను ఆపేశారు.