చక్రాలకు చేయించే బ్యాలెన్సింగ్ ఇంజిన్‌కి ఎందుకు చేయించరు?

టైర్ షాపుకి వెళ్తే చక్రాన్ని మెషిన్ మీద తిప్పి, రిమ్ముకి పది గ్రాములో ఇరవై గ్రాములో బరువు అతికిస్తారు. అది లేకపోతే స్టీరింగ్ వణుకుతుందని అందరికీ తెలుసు. బండి వంద స్పీడులో ఉన్నప్పుడు ఆ చక్రం నిమిషానికి తిరిగేది దాదాపు 900 సార్లు. అదే బండి ఇంజిన్‌లో పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్, 6000 సార్ల దాకా తిరగగలదు. ఇంజిన్ దించి, బోరు వేయించి (అరిగిన సిలిండర్లను కాస్త పెద్దగా తొలిపించి), వేలకు వేలు పోసి మళ్లీ బిగించేటప్పుడు మాత్రం దాని బ్యాలెన్స్ గురించి ఎవరూ ఎత్తరు. నాకు దీని మీద చాలా కోపం ఉంది, ఎందుకో చెప్తాను.

నాది పాత మారుతి ఎస్టీమ్. 1298 సీసీ, నాలుగు సిలిండర్లు. ఇంజిన్ బోరుకొచ్చి నీలం పొగ మొదలైతే విజయవాడలో దింపించాను. ఓవర్‌సైజ్ పిస్టన్లు, క్రాంక్ గ్రైండింగ్, కొత్త బేరింగులు, కొత్త క్లచ్ సెట్టు, అన్నీ వేయించాను. పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ ఒకటి వంగిందని ఇంకో పాత ఇంజిన్‌లోంచి తీసిన రాడ్ తెచ్చి వేశారు. తూకం చూశారా అని అడిగితే, "కంపెనీవాళ్లే అన్నీ చూసి పంపుతారండి, మనం ముట్టుకోకూడదు" అన్నారు. నమ్మాను.

హైవే ఎక్కాక ఇంజిన్ 3000 ఆర్‌పీఎం (నిమిషానికి 3000 చుట్లు) దాటితే చాలు, గేర్ లివర్ చేతిలో జివ్వుమనేది. అద్దంలో వెనక లారీ నంబరు అలుక్కుపోయినట్టు కనిపించేది. వీల్ బ్యాలెన్సింగ్ చేయించమన్నారు, చేయించాను. ఇంజిన్ మౌంటింగులు మార్చారు. తగ్గలేదు. చివరికి ఒకరోజు ఖాళీ రోడ్డు మీద అదే స్పీడులో క్లచ్ తొక్కి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను. ఆర్‌పీఎం పడిపోయింది, దాంతోపాటే వణుకూ పోయింది. బండి పక్కకి ఆపి న్యూట్రల్‌లో రేస్ చేస్తే 3000 దగ్గర మళ్లీ వచ్చింది. ఇక చక్రాల మీద అనుమానమే లేదు.

మళ్లీ ఇంజిన్ దించాం. ఈసారి చిన్న డిజిటల్ కాటా నేనే పట్టుకెళ్లాను. రాడ్‌ని మొత్తంగా తూచితే సరిపోదు. బిగ్ ఎండ్ క్రాంక్‌తో గుండ్రంగా తిరుగుతుంది, స్మాల్ ఎండ్ పిస్టన్‌తో పైకీ కిందకీ పోతుంది. కాబట్టి ఒక కొసను దారంతో వేలాడదీసి, రాడ్ నేలకు సమాంతరంగా ఉండేలా చూసి, రెండో కొసను కాటా మీద పెట్టి తూచాలి. తర్వాత అటుదిటు మార్చాలి. నాలుగు రాడ్లకూ అలా చూస్తే, బయటి నుంచి తెచ్చిన రాడ్ బిగ్ ఎండ్ మిగతావాటికంటే 14 గ్రాములు ఎక్కువ.

14 గ్రాములు ఒక లెక్కా అనిపిస్తుంది. ఈ ఇంజిన్ స్ట్రోక్ 75.5 మిల్లీమీటర్లు, అంటే బిగ్ ఎండ్ అందులో సగం దూరంలో తిరుగుతుంది. లెక్క కడితే ఆ 14 గ్రాములు 3000 దగ్గర దాదాపు 5 కిలోల బలంతో లాగుతాయి. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది కాబట్టి 6000 దగ్గర అది 21 కిలోలు. అదీ ఒకే వైపు కాదు, సెకనుకి వంద చుట్లు దిక్కు మారుస్తూ! కొత్త బేరింగులు వేసి మరీ ఆ దెబ్బలు తినిపించాను.

కంపెనీవాళ్లు చూసి పంపడం నిజమే. కానీ వాళ్లు చూసింది వాళ్లు వేసిన పార్టులతో. పిస్టన్లు, రాడ్, క్లచ్ సెట్టులో వచ్చే ప్రెషర్ ప్లేటు మనం మార్చాక ఆ లెక్క ఎక్కడ మిగిలింది?

రాడ్లలో తేలికైనదాన్ని పట్టుకుని మిగతావాటిని దాని బరువుకి తెచ్చారు. బిగ్ ఎండ్ క్యాప్ దగ్గర ఉండే దిమ్మె మీద కొద్దికొద్దిగా గ్రైండ్ చేయాలి, నడుం మీద మాత్రం గ్రైండర్ పెట్టనివ్వకండి, రాడ్ అక్కడే విరుగుతుంది. క్రాంక్‌ని డైనమిక్ బ్యాలెన్సింగ్‌కి ఇచ్చాను. రెండు రోలర్ల మీద పెట్టి బెల్టుతో తిప్పితే, ఏ చివర ఎన్ని గ్రాములు, ఏ కోణంలో ఎక్కువున్నాయో తెర మీద కనిపిస్తుంది. క్రాంక్ మీదుండే బరువు దిమ్మెలో, అంటే కౌంటర్‌వెయిట్‌లో, చిన్న గుంత డ్రిల్ చేసి, మళ్లీ తిప్పి చూశారు. క్రాంక్ ఒక్కదానికి అయ్యాక పుల్లీ, తర్వాత క్రాంక్ చివర బిగించే బరువైన చక్రం ఫ్లైవీల్, ఆఖర్న ప్రెషర్ ప్లేటు, ఒక్కొక్కటే బిగిస్తూ చూశారు. ఎప్పుడు విప్పినా మళ్లీ అదే చోట బిగించేలా ఫ్లైవీల్‌కీ ప్రెషర్ ప్లేటుకీ కలిపి పంచ్ మార్కు పెట్టించాను, సుద్ద గీత అయితే తుడిచిపోతుంది.

దీంతో వణుకు మొత్తం పోతుందని చెప్పను. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్‌కి రెట్టింపు వేగంతో వచ్చే వణుకు ఒకటి ఉంటుంది, అది ఎంత తూచినా పోదు. దానికోసమే ఫ్రెడరిక్ లాంచెస్టర్ వందేళ్ల కిందటే, ఆ వణుకుకి ఎదురు బలం ఇచ్చే బ్యాలెన్సర్ షాఫ్టులు కనిపెట్టాడు. నా బండికి అవి లేవు. అయినా ఇప్పుడు 4500 దాకా లాగినా అద్దంలో నంబర్ ప్లేట్ చదవగలుగుతున్నాను.

ఇంజిన్ దించే ముందే మీ మెకానిక్‌తో మాట్లాడుకోండి. క్రాంక్‌తో పాటు ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేటు, పుల్లీ కూడా పంపాలని అప్పుడే చెప్పండి, బిగించేశాక అడిగితే ఎవరూ విప్పరు. రెండోసారి దించి ఎక్కించడానికి నాకైన కూలీ బ్యాలెన్సింగ్ ఖర్చు కంటే ఎక్కువే.