స్వాగతం పలికారు, ఇక పని కూడా చెప్పండి

అమెరికాలో దాదాపు ఏ ఊళ్లోనైనా ఆంగ్లికన్ శాఖకు చెందిన ఎపిస్కోపల్ చర్చి ముందు ఒకే రకం బోర్డు కనిపిస్తుంది. తెల్లని డాలు మీద ఎర్ర సిలువ, పై మూలన నీలి గడిలో తొమ్మిది చిన్న తెల్ల సిలువలు, వాటితో పాటు ఎపిస్కోపల్ చర్చి మీకు స్వాగతం పలుకుతోందన్న వాక్యం ఉంటాయి. ఆ వాక్యంలో అబద్ధమేమీ లేదు. గుమ్మం దగ్గర అషర్ నవ్వుతూ బులెటిన్ చేతికిస్తారు, ఒకరికొకరు శాంతి కోరుతూ సమాధానం చెప్పుకునే వేళ ముందు బెంచీల వాళ్లు సైతం వెనక్కి వచ్చి చేయి కలుపుతారు, కాఫీ అవర్‌లో పేరు అడిగి, దాన్ని సరిగ్గా పలకడానికి నిజంగానే ప్రయత్నిస్తారు. ఇదంతా నాకు ఎంతో విలువైనది. అయితే చాలా పారిష్‌లు, అంటే స్థానిక సంఘాలు, ఈ స్వాగతం దగ్గరే ఆగిపోతున్నాయన్నది నా ఫిర్యాదు. మన ఇళ్లలో చుట్టానికి కుర్చీ వేస్తాం, ఇంటి మనిషికి పని చెబుతాం. ఏళ్ల తరబడి వస్తున్న వలస కుటుంబాలను ఇంకా కుర్చీలోనే కూర్చోబెట్టి ఉంచడం మర్యాద అనిపించుకోదు.

నేను సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో పెరిగి, ఇక్కడికి వచ్చాక ఎపిస్కోపల్ పారిష్‌లో చేరినదాన్ని. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు ఒక్కటై సి.ఎస్.ఐ.గా ఏర్పడ్డాయి. ఎపిస్కోపల్ చర్చి అమెరికా స్వాతంత్ర్యం తరువాత, 1789లో తన సొంత నియమావళిని, ప్రార్థనా పుస్తకాన్ని ఏర్పరచుకుంది. నేడు రెండూ ఆంగ్లికన్ సంఘాల ప్రపంచ కూటమి అయిన ఆంగ్లికన్ కమ్యూనియన్‌లో సభ్య సంఘాలే కాబట్టి, దోర్నకల్‌లోనో మచిలీపట్నంలోనో ప్రభు రాత్రి భోజన సంస్కారం పుచ్చుకున్న మనిషి ఇక్కడి బల్ల దగ్గర పరాయివాడు కాడు. బల్ల దగ్గర లేని పరాయితనం పనుల జాబితాలో ఎందుకు ఉండాలన్నదే నా ప్రశ్న.

పారిష్ అంటే దాని పాస్టరైన రెక్టర్ చెప్పే ప్రసంగమొక్కటే అనుకునేవాళ్లకు, ఒక ఆదివారం ఆరాధన వెనుక ఎంత సేవ ఉంటుందో తెలియదు. పాఠాలు చదివే లెక్టర్లు, సిలువ పట్టుకుని ముందు నడిచే అకొలైట్ పిల్లలు, సంస్కారంలో ద్రాక్షారసం గిన్నె అందించే యూకరిస్టిక్ మినిస్టర్లు, గాయక బృందం, కానుకలు లెక్కపెట్టేవాళ్లు, సండే స్కూల్ టీచర్లు, అవసరంలో ఉన్నవాళ్లకు సరుకులు పంచే ఫుడ్ ప్యాంట్రీలో డబ్బాలు సర్దేవాళ్లు, వీళ్లలో దాదాపు అందరూ జీతం లేకుండా పనిచేసేవాళ్లే. డబ్బు, భవనం, కొత్త రెక్టర్ ఎంపిక వంటి బాధ్యతలు మోసే వెస్ట్రీ సభ్యులు కూడా అంతే. ఆ వెస్ట్రీ మన పాస్టరేట్ కమిటీ వంటిదే అనుకోవచ్చు.

వీటన్నిటిలో నా మనసుకు దగ్గరైనది, బల్లను ఆరాధనకు సిద్ధం చేసే బృందమైన ఆల్టర్ గిల్డ్. శనివారం పూట తాళం తీసి, ఆరాధన సామగ్రి ఉంచే గది అయిన సాక్రిస్టీలోకి వెళ్లి, చర్చి క్యాలెండర్‌లోని కాలాన్ని బట్టి ఆకుపచ్చదో ఊదాదో తెల్లదో ఎర్రదో బల్ల వస్త్రం పరచాలి. కొవ్వొత్తులు చూసుకోవాలి, రొట్టె బిళ్లలు లెక్కపెట్టి ఉంచాలి. సంస్కారం తరువాత గిన్నె తుడిచిన గుడ్డలను నేరుగా వాషింగ్ మెషీన్‌లో పడేయరు. ముందు నీళ్లలో జాడించి, ఆ నీళ్లను మురుగు కాలువలోకి పోనివ్వకుండా, గొట్టం సరాసరి మట్టిలోకి దిగే ప్రత్యేకమైన తొట్టిలో పోస్తారు. బల్ల మీద గిన్నె కింద పరిచే చదరపు నార గుడ్డను తడి ఆరకముందే ఇస్త్రీ చేసి, అటు మూడు ఇటు మూడు మడతలుగా, విప్పితే తొమ్మిది గడులు కనిపించేలా లోపలికి మడుస్తారు. రొట్టె నలుసులు పడితే అందులోనే నిలవాలని ఆ మడత. ఇది నాకు నేర్పిన పెద్దావిడ, సిలువ కుట్టు ఉన్న చోట గుడ్డను తిరగవేసి ఇస్త్రీ చేయాలనీ, లేకపోతే కుట్టు అణిగిపోతుందనీ పక్కన నిలబడి చూపించారు. అంత శ్రద్ధగా చేసే పనిని ఆదివారం వచ్చినవాళ్లలో ఎవరూ గమనించరు. గమనించనంత సాఫీగా జరగడమే ఆ పనికి గీటురాయి.

ఈ పని చేస్తున్నవాళ్లు ఎవరు? చాలా చోట్ల డెబ్బై దాటిన నలుగురైదుగురు స్త్రీలే. మోకాళ్లు సహకరించకపోయినా, భర్తను ఆసుపత్రిలో ఉంచి కూడా వస్తారు, ఎందుకంటే వాళ్లు రాకపోతే వచ్చేవాళ్లు లేరు. ప్రతి వారం బులెటిన్‌లో వాలంటీర్లు కావాలనే ప్రకటన వేస్తారు, ఎవరూ రాలేదని బాధపడతారు. అదే సమయంలో మూడో వరసలో కూర్చున్న నైజీరియా దంపతులను గానీ, చివరి వరసలోని మన తెలుగు కుటుంబాన్ని గానీ పేరు పెట్టి పిలిచి, ఈ పని మీరు చేయగలరా అని ఎవరూ అడగరు. బులెటిన్ ప్రకటన ఈ దేశంలో పుట్టి పెరిగినవాడికి పిలుపులా వినిపిస్తుందేమో గానీ, పెద్దలు పిలవందే ముందుకు రాకూడదని పెరిగినవాళ్లకు అలా వినిపించదు.

మమ్మల్ని అసలు ఏమీ అడగరని కాదు. ఏడాదికోసారి అన్ని దేశాల వంటల విందు పెట్టినప్పుడు బిర్యానీ తెమ్మంటారు. పెంతెకొస్తు నాడు అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయాన్ని తలా ఒక భాషలో చదివేటప్పుడు తెలుగులో చదవమంటారు. ఆ రోజు చర్చిలో నా భాష వినిపించడం నాకు నిజంగా ఆనందమే. కానీ మామూలు ఆదివారం యెషయా పాఠాన్ని ఇంగ్లీషులో చదవడానికి, కానుకల లెక్క చూడటానికి, వెస్ట్రీకి పోటీ చేయడానికి మా పేర్లు ఎవరికీ గుర్తు రావు. మా వేరుతనం కావలసిన రోజున పిలిచి, మిగిలిన ఆదివారాల్లో మరచిపోతే, మేము ఆ సంఘానికి అలంకారంగా మిగిలిపోతాం.

ఎపిస్కోపల్ చర్చి సొంత బోధనే దీనికి ఎదురు నిలుస్తుంది. 1979 ప్రార్థనా పుస్తకంలోని ప్రశ్నోత్తరాల భాగం, సంఘ పరిచారకులు ఎవరని అడిగి, మొదట సామాన్య విశ్వాసులను చెప్పి, తరువాతే బిషప్పులను, ప్రీస్టులను, డీకన్లను చెబుతుంది. చేతులు కావాలి గానీ మాట అక్కర్లేదనే అలవాటు ఎంత అన్యాయమో కూడా ఈ చర్చికి తెలుసు. యునైటెడ్ థ్యాంక్ ఆఫరింగ్ పేరిట స్త్రీలు 1889 నుంచి పైసా పైసా కూడబెట్టి మిషన్ పనికి ఇస్తూ వచ్చినా, చర్చి నిర్ణయాలు చేసే మహాసభ అయిన జనరల్ కన్వెన్షన్‌లో ప్రతినిధులుగా కూర్చునే హక్కు వాళ్లకు నియమం ప్రకారం దక్కింది 1970లోనే.

మన వైపు చరిత్రలోనూ ఇదే పాఠం ఉంది. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో మిషనరీల ఎదుట నిలబడి, మీరు మాకు ఎంతో ఇచ్చారు, ఇప్పుడు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. తరువాత తన సొంత డయాసిస్‌లో, అంటే బిషప్పుగా తన పరిధిలో, బాప్తిస్మం పొందిన ప్రతి కూలి మనిషి చేతా ఎవరి తల మీద వాళ్లే చేయి పెట్టుకునేలా చేసి, సువార్త ప్రకటించకపోతే అయ్యో, నాకు శ్రమ అని చెప్పించేవారు. చదువు రాలేదనో, నిన్ననే చేరారనో ఎవరినీ పక్కన కూర్చోబెట్టలేదు. చేరిన రోజే పని అప్పజెప్పారు.

శాన్ ఫ్రాన్సిస్కోలోని సెయింట్ గ్రెగరీ ఆఫ్ నిస్సా పారిష్‌లో 2000లో మొదలైన ఫుడ్ ప్యాంట్రీ నాకు ఇందుకే ఇష్టం. అక్కడ కూరగాయలు, సరుకులు బల్ల చుట్టూనే పేర్చి పంచుతూ వచ్చారు. సంచి పట్టుకుని వరుసలో నిలబడ్డవాళ్లలో చాలామంది తరువాత వాలంటీర్లై, పంచే పనిని తమదిగా చేసుకున్నారు. తీసుకునే చేతికి ఇచ్చే పని అప్పగించే ధైర్యం ఒక పారిష్‌కు ఉంటే, అక్కడ సహవాసం అన్న మాటకు అర్థం ఉంటుంది.

మన తెలుగువాళ్లతో కూడా గట్టిగానే ఒక మాట చెప్పాలి. బల్ల దగ్గరి పనులన్నీ అయ్యగారివి, ఊడ్చి తుడిచే పనులు జీతగాళ్లవి, మధ్యలో మనం కానుక వేసి వచ్చేవాళ్లం అన్న ఆలోచనను మనం ఊరి నుంచి మోసుకొచ్చాం. పాస్టరేట్ కమిటీ ఎన్నికలకు చూపే పట్టుదలలో పదో వంతు, కాఫీ అవర్ తరువాత కప్పులు కడగడానికి చూపం. ఆరాధన అయిన పది నిమిషాలకే తెలుగు సహవాస కూడికకని కారెక్కి వెళ్లిపోతే, మమ్మల్ని ఎవరూ కలుపుకోలేదని అనే హక్కు మనకు సగమే ఉంటుంది.

వెస్ట్రీలు చేయవలసినది పెద్ద పథకమేమీ కాదు. ప్రకటన మానేసి మనిషిని అడగాలి. కొత్తవాళ్లను పాతవాళ్ల పక్కన ఒక కాలం పాటు నిలబెట్టి నేర్పించాలి. ఏ సేవకైనా గడువు పెట్టాలి, చాలించుకుంటానన్నవాళ్లను నొప్పించకుండా సాగనంపాలి. ఒకసారి ఒప్పుకుంటే చచ్చేదాకా చేయాలన్న భయంతోనే సగం మంది ముందుకు రావడం లేదు. పిల్లలతో పనిచేసేవాళ్లకు, రోగుల ఇళ్లకు సంస్కారం తీసుకెళ్లే యూకరిస్టిక్ విజిటర్లకు శిక్షణ తప్పనిసరి, అది ఉండాల్సిందే. ఆ శిక్షణ ఎక్కడ, ఎప్పుడు జరుగుతుందో మాత్రం అడగకముందే మాకు చెప్పండి.

ఇంకొక సంగతి నేరుగా ఆల్టర్ గిల్డ్ వాళ్లకు. మనవళ్లను చూసుకోవడానికి ఊరి నుంచి వచ్చి ఆరు నెలలు ఉండే మన అమ్మలు, అత్తయ్యలు మీ బెంచీల్లోనే కూర్చుంటారు. వాళ్లలో చాలామంది జీవితమంతా స్త్రీల మైత్రి అనే సంఘపు మహిళా సమాజాన్ని నడిపినవాళ్లు, కోత పండుగకు ఊరంతటికీ వండి పెట్టినవాళ్లు, చావు ఇంట్లో ముందు నిలబడి పాట ఎత్తుకున్నవాళ్లు. ఇంగ్లీషు రాదన్న ఒక్క కారణంగా వాళ్లను ఎవరూ ఏమీ అడగరు. నార గుడ్డ ఇస్త్రీ చేయడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. ఈ శనివారమే పిలవండి. కారులో దింపడానికి, మొదట్లో మాట అందించడానికి మేమున్నాం.