కీమో తర్వాత జ్వరం: మొదటి గంట ఎక్కడ పోతోంది?

వానాకాలం వచ్చిందంటే హైదరాబాద్‌లో జ్వరం లేని వీధి ఉండదు. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఓపీ కిక్కిరిసిపోతుంది, డెంగీ పేరు వినగానే ఇంటింటా ప్లేట్‌లెట్ల లెక్కలు మొదలవుతాయి, బొప్పాయి ఆకు రసం ఎంత తాగాలో చెప్పే సందేశాలు వాట్సాప్‌లో చక్కర్లు కొడతాయి. లుకేమియా, లింఫోమా వంటి రక్త క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకుని ఇంటికి చేరిన రోగి కూడా ఈ రద్దీలోనే ఉంటాడు. అతని జ్వరమూ పక్కింటివారి జ్వరమూ థర్మామీటర్‌లో ఒకే అంకె చూపిస్తాయి. రక్తపరీక్ష చేయిస్తే ఇద్దరిలోనూ తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తగ్గి కనిపించవచ్చు. పక్కింటివారి విషయంలో రెండు రోజులు చూద్దామనడం చాలాసార్లు సబబే. ఇతని విషయంలో రెండు గంటలు చూద్దామనడం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. రక్త క్యాన్సర్ల గురించి మన దగ్గర జరిగే చర్చ ఎక్కువగా కొత్త మందుల చుట్టూ, మూలుగ మార్పిడి చుట్టూ తిరుగుతుంది. అయితే చికిత్స నడుస్తుండగా చనిపోతున్నవారిలో చాలామందిని బలి తీసుకుంటున్నది ఇన్‌ఫెక్షన్. దాన్ని మొదట అడ్డుకోగల మందులు పాతవి, అందుబాటులో ఉన్నవి, జిల్లా ఆసుపత్రిలోనే ఇవ్వదగినవి. ఆ మందు రోగి ఒంట్లోకి చేరడానికి పట్టే సమయం మీద మనకు శ్రద్ధ లేకపోవడమే అసలు లోపమని నా అభిప్రాయం.

ఈ జ్వరం అంత ప్రమాదకరం ఎందుకవుతుందో చూద్దాం. తెల్ల రక్తకణాల్లో అత్యధిక భాగం న్యూట్రోఫిల్స్. బ్యాక్టీరియా, బూజు (ఫంగస్) శరీరంలోకి చొరబడితే మొదట ఎదురుపడేవి ఇవే. రక్తంలో ఇవి తిరిగేది ఒక్క రోజు లోపే కనుక మూలుగ వీటిని నిత్యం తయారు చేస్తూనే ఉండాలి. వేగంగా విభజన చెందే కణాలను చంపడమే కీమో మందు పని కాబట్టి ఆ ఉత్పత్తి కూడా ఆగిపోతుంది. చాలా కీమో విధానాల్లో మందు ఎక్కిన వారం నుంచి రెండు వారాల మధ్య ఈ కణాల సంఖ్య అట్టడుగుకు చేరుతుంది. అక్యూట్ మైలాయిడ్ లుకేమియా తొలి దశ చికిత్సలోనైతే మూడు నాలుగు వారాల పాటు అక్కడే ఉండిపోవచ్చు. అదే సమయంలో నోటిలోనూ పేగుల్లోనూ లోపొర పుండు పడి, అంతవరకూ పేగులో బుద్ధిగా ఉన్న బ్యాక్టీరియాకు రక్తంలోకి దారి దొరుకుతుంది. అందుకే ఈ ఇన్‌ఫెక్షన్లలో చాలావరకు బయటి నుంచి ఎవరో అంటించినవి కావు, రోగి సొంత పేగు నుంచి వచ్చినవే. చూడటానికి వచ్చిన బంధువులను గుమ్మంలో ఆపేసి జాగ్రత్త తీసుకున్నామనుకునే కుటుంబాలకు ఈ సంగతి ఎవరో ఒకరు విడమరచి చెప్పాలి.

న్యూట్రోఫిల్స్ సంఖ్యకూ ఇన్‌ఫెక్షన్‌కూ ఉన్న లంకెను అమెరికాలో జెరాల్డ్ బోడీ బృందం 1966లో లుకేమియా రోగులలో లెక్కగట్టి చూపింది. మైక్రోలీటర్ రక్తంలో ఇవి 1000 కంటే తగ్గితే ముప్పు మొదలవుతుంది, 500 కంటే తగ్గితే తీవ్రమవుతుంది, 100 దిగువన ఉన్న ప్రతి రోజూ గండమే. ఇంకో చిక్కు ఉంది. చీము పట్టడానికీ, ఊపిరితిత్తుల ఎక్స్‌రేలో మచ్చ కనిపించడానికీ కూడా ఈ కణాలే కావాలి. అవే లేనప్పుడు పుండు ఎర్రబడదు, న్యుమోనియా ఉన్నా కళ్లె పడదు, ఎక్స్‌రే శుభ్రంగా కనిపిస్తుంది. శరీరం చేయగల ఒకే ఒక్క ఫిర్యాదు జ్వరం. స్టెరాయిడ్లు వాడుతున్న రోగిలో అది కూడా రాకపోవచ్చు. రక్తపోటు పడిపోవడం, మాట తడబడటం, అకారణమైన నీరసం మాత్రమే కనిపిస్తాయి.

1970ల ముందు వరకు బ్లడ్ కల్చర్‌లో, అంటే రక్తంలోని క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో, ఏ క్రిమి పెరిగిందో తెలిశాకే మందు మొదలుపెట్టేవారు. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా సోకిన లుకేమియా రోగులలో చాలామంది ఆ నివేదిక చేతికి వచ్చేలోగా చనిపోయేవారు. 1971లో స్టీఫెన్ షింఫ్, ఆయన సహచరులు కార్బెనిసిలిన్, జెంటామైసిన్ అనే యాంటీబయోటిక్‌లు కలిపి ఫలితం కోసం ఆగకుండా మొదలుపెట్టి చూపారు. అప్పటి నుంచి వైద్య ప్రపంచంలో సూత్రం మారింది: ముందు మందు, తర్వాతే నిర్ధారణ. నేటి మార్గదర్శకాల ప్రకారం ఒంటి వేడి ఒకసారి 101 డిగ్రీల ఫారన్‌హీట్ తాకినా, 100.4 డిగ్రీల దగ్గర గంటసేపు నిలిచినా, రోగి ఆసుపత్రి చేరిన 60 నిమిషాలలోపు నరం ద్వారా యాంటీబయోటిక్ అందాలి. సెప్టిక్ షాక్ (ఇన్‌ఫెక్షన్ వల్ల రక్తపోటు పడిపోయే స్థితి) రోగులపై 2006లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, రక్తపోటు పడిపోయాక సరైన యాంటీబయోటిక్ అందడంలో జరిగిన ప్రతి గంట ఆలస్యానికీ బతికే అవకాశం సగటున 7.6 శాతం తగ్గింది. 

ఆ గంట మన దగ్గర ఎలా కరిగిపోతుందో రోగుల బంధువులను అడిగితే కథ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. రాత్రి రోగి నలతగా ఉందంటాడు. నుదుటి మీద చెయ్యి వేసి చూస్తారు. ఇంట్లో థర్మామీటర్ ఉండదు, కరోనా నాడు కొన్నది ఉన్నా బ్యాటరీ పనిచేయదు. పారాసిటమాల్ వేస్తారు, వేడి తగ్గుతుంది, అందరూ పడుకుంటారు. శరీరం ఇచ్చిన ఒకే ఒక్క హెచ్చరికను ఆ మాత్ర తుడిచేస్తుంది. తెల్లవారాక ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరకో, వీధి చివరి క్లినిక్‌కో వెళ్తారు, సెలైన్ ఎక్కుతుంది. మధ్యాహ్నానికి బీపీ పడిపోతుంది. అప్పుడు వాహనం మాట్లాడుకుని హైదరాబాద్ బయలుదేరతారు. ఆదిలాబాద్ నుంచి ఇక్కడికి దాదాపు 300 కిలోమీటర్లు. నగరంలోనే ఉన్నవారి స్థితి దీనికంటే మెరుగని నేను అనుకోను. సాయంత్రం వేళ ఎల్‌బీ నగర్ నుంచి నిమ్స్ ఆసుపత్రి ఉన్న పంజాగుట్ట చేరడం ఎంత సేపో తెలిసినదే. చేరాక అత్యవసర విభాగంలో వరుస, చీటీ, బెడ్ ఖాళీ లేదన్న మాట, కౌంట్ రిపోర్టు వచ్చాక చూద్దామన్న మాట. కీమో అయిన రెండో వారంలో జ్వరంతో వచ్చిన మనిషికి కౌంట్ రిపోర్టు కోసం ఆగవలసిన అవసరం లేదు. కల్చర్ కోసం రెండు సీసాల రక్తం తీసి, పైపరాసిలిన్-టాజోబాక్టమ్ గానీ సెఫెపైమ్ గానీ వంటి మందు మొదటి మోతాదు ఎక్కించి, తర్వాత తీరిగ్గా బెడ్ వెతుక్కోవచ్చు.

పైపరాసిలిన్-టాజోబాక్టమ్ జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నదే. దాన్ని జిల్లా ఆసుపత్రిలో, వీలైతే ఏరియా ఆసుపత్రిలో ఇచ్చి, ఆ తర్వాత రోగిని నగరానికి పంపమనడం అసాధ్యమైన కోరిక ఏమీ కాదు. కీమో ఇచ్చిన ఆసుపత్రి డిశ్చార్జ్ కాగితంతో పాటు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో ఒక చిన్న కార్డు ఇవ్వాలి: ఈ రోగికి ఫలానా తేదీన కీమో జరిగింది, 100.4 డిగ్రీలు దాటితే కల్చర్ తీసి ఈ మందు వెంటనే ఇవ్వండి, పారాసిటమాల్ ఇచ్చి ఇంటికి పంపకండి, ఈ నంబరుకు ఫోన్ చేయండి. కీమో హెచ్చరిక కార్డులు బ్రిటన్‌లో ఎప్పటి నుంచో వాడుకలో ఉన్నాయి. దీనికి క్యాన్సర్ వైద్యుల నుంచి వినిపించే అభ్యంతరం ఒకటుంది: ఎక్కడపడితే అక్కడ యాంటీబయోటిక్ ఎక్కిస్తే కల్చర్ ఫలితం చెడిపోతుందనీ, మందులకు లొంగని క్రిములు పెరుగుతాయనీ. కల్చర్ సీసాలు జిల్లాలో ఉంచితే మొదటి సమస్య తీరుతుంది, ఉంచలేకపోయినా ప్రాణం కంటే నివేదిక విలువైనది కాదు. రెండో మాట ఇంకా బలహీనం. మందులకు లొంగని క్రిములు పెరిగింది న్యూట్రోఫిల్స్ లేని రోగికి ఇచ్చిన మొదటి మోతాదు వల్ల కాదు. జలుబుకు అజిత్రోమైసిన్, విరేచనాలకు ఒఫ్లాక్సాసిన్ చీటీ లేకుండా అమ్మిన మందుల దుకాణాల వల్ల, కోళ్ల మేతలో కలిపిన మందుల వల్ల, ఫ్యాక్టరీల వ్యర్థాల వల్ల.

ఫ్యాక్టరీల ప్రస్తావన వచ్చినప్పుడు హైదరాబాద్ తన సొంత చరిత్ర గుర్తుచేసుకోవాలి. పటాన్‌చెరు ప్రాంతపు మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. న్యూట్రోఫిల్స్ పడిపోయిన రోజుల్లో ఇన్‌ఫెక్షన్ రాకుండా ముందుజాగ్రత్తగా ప్రపంచమంతా వాడుతున్నది ఈ కుటుంబానికే చెందిన లెవోఫ్లాక్సాసిన్ అని తెలిస్తే ఈ వార్త బరువు అర్థమవుతుంది. మన దేశంలో రక్త క్యాన్సర్ రోగులను బలి తీసుకునేవి ప్రధానంగా ఈ.కోలై, క్లెబ్సియెల్లా వంటి గ్రామ్ నెగటివ్ క్రిములు. వాటిలో గణనీయ భాగం ఈ మందులకు ఎప్పుడో అలవాటుపడింది. అందుకే ఇతర దేశాల్లో ఉపయోగపడే ఆ ముందుజాగ్రత్త మాత్ర మన వార్డుల్లో ఎంతవరకు రక్షిస్తుందన్నది అనుమానమే. ఆ పై మెట్టు మెరోపెనెమ్ అనే మరింత బలమైన యాంటీబయోటిక్. దానికీ లొంగనివి పెరిగాయి. ఆ తర్వాత మిగిలేది కొలిస్టిన్, మూత్రపిండాలను దెబ్బతీసే పాత మందు, లేదా సెఫ్టాజిడైమ్-అవిబాక్టమ్ వంటి ఖరీదైన కొత్త మందులు. కొలిస్టిన్‌ను పశువుల, కోళ్ల పెంపకంలో వాడకూడదని కేంద్రం నిషేధించింది 2019లో మాత్రమే. మొదటి మందు ఏది ఇవ్వాలన్నది ప్రతి ఆసుపత్రీ తన వార్డులో పెరుగుతున్న క్రిముల లెక్క చూసుకుని నిర్ణయించుకోవాలి. విదేశీ మార్గదర్శకాన్ని యథాతథంగా గోడకు అంటించుకుంటే సరిపోదు.

జ్వరం నాలుగు నుంచి ఏడు రోజులైనా యాంటీబయోటిక్‌కు తగ్గకపోతే బూజును అనుమానించాలి. 2021లో కరోనా రెండో ఉద్ధృతి వేళ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయినప్పుడు బ్లాక్ ఫంగస్ పేరు అందరికీ తెలిసింది. మ్యూకోర్‌మైకోసిస్ అన్నది దాని వైద్య నామం, రక్త క్యాన్సర్ వార్డులకు అది అంతకుముందే పరిచయం. ఆస్పర్‌జిల్లస్ అనే మరో బూజు మరీ సాధారణం, దాని బీజాలు దుమ్ములో ఉంటాయి. పాత ఇల్లు కూల్చి అపార్టుమెంటు కట్టని వీధి లేని నగరంలో, ఆసుపత్రి ఆవరణలోనే కొత్త బ్లాకు లేస్తున్నప్పుడు, రోగికి పచ్చి పండ్లు పెట్టకూడదన్న నియమం మీద చూపే పట్టుదలలో సగమైనా కిటికీ అవతలి దుమ్ము మీద చూపడం మేలు. కఠినమైన పథ్యం ఇన్‌ఫెక్షన్లను తగ్గిస్తుందని పరిశోధనలు నిరూపించలేకపోయాయి. శుభ్రంగా వండిన వేడి అన్నం, కడిగిన చేతులు, కాచిన నీళ్లు చాలు.

బూజు మందులతో మరో ప్రమాదం ఉంది. వొరికొనజోల్, ఇట్రాకొనజోల్ వంటివి కాలేయంలో విన్‌క్రిస్టీన్ అనే కీమో మందు విచ్ఛిన్నం కావడాన్ని అడ్డుకుంటాయి. పిల్లల లుకేమియాలో విన్‌క్రిస్టీన్ వెన్నెముక వంటి మందు. అది ఒంట్లో పేరుకుంటే నరాలు దెబ్బతింటాయి, పేగుల కదలిక ఆగిపోతుంది, మూర్ఛలు రావచ్చు. ఇట్రాకొనజోల్ ఎక్కడో ఐసీయూలో మాత్రమే ఉండే మందు కూడా కాదు, తామరకు చర్మవైద్యులు విరివిగా రాసే మాత్ర. వేరే వైద్యుడు ఏ మందు రాసినా క్యాన్సర్ వైద్యుడికి చూపించాకే వేసుకోవాలన్న నియమం ఇలాంటివాటి కోసమే.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ మాట ఇంతకంటే ఘాటుగా చెప్పాలి. తగ్గని జ్వరానికి డెక్సామెథసోన్ పొడవడం మన ఊళ్లలో మామూలైపోయింది. ఆ జ్వరం వెనుక ఉన్నది లింఫోబ్లాస్టిక్ లుకేమియా అయితే, ఆ ఇంజెక్షన్ దాని కణాలను కొంతవరకు చంపుతుంది. పిల్లవాడు రెండు వారాలు హుషారుగా తిరుగుతాడు, వ్యాధి ముసుగు వేసుకుంటుంది, తర్వాత మూలుగ పరీక్ష చేసినా స్పష్టత రాదు. కణాలు ఒక్కసారిగా చనిపోతే పొటాషియం, యూరిక్ ఆమ్లం పెరిగి మూత్రపిండాలు చేతులెత్తేసే ప్రమాదమూ ఉంది. మెడలో గడ్డను క్షయ అనుకుని బయాప్సీ లేకుండా నెలల తరబడి క్షయ మందులు వాడటమూ ఇటువంటిదే. ఆ గడ్డ లింఫోమా అని తేలేసరికి వ్యాధి ముదిరిపోతుంది.

కొన్ని ఇన్‌ఫెక్షన్లు ఒంట్లోనే పొంచి ఉంటాయి. 2007లో డాక్టర్ రెడ్డీస్ ఈ నగరం నుంచే రిటుక్సిమాబ్ అనే లింఫోమా మందుకు సమానమైన మందును తెచ్చాక లింఫోమా చికిత్స చాలామందికి అందుబాటులోకి వచ్చింది. అది బి-లింఫోసైట్లు అనే ఒక రకం తెల్లకణాలను తుడిచేస్తుంది. పాత హెపటైటిస్-బి ఉన్నవారిలో నిద్రపోతున్న వైరస్ లేచి కాలేయాన్ని నాశనం చేయవచ్చని అమెరికా ఔషధ సంస్థ 2013లో తీవ్ర హెచ్చరిక చేర్చింది. దేశంలో సుమారు మూడు శాతం మంది ఈ వైరస్‌తో జీవిస్తున్నారు. పరీక్ష చవక, వైరస్‌ను అణచే ఎంటెకావిర్ మాత్ర చవక. చూడాల్సింది వైరస్ ఉపరితల యాంటిజెన్‌ను (హెచ్‌బీఎస్‌ఏజీ) మాత్రమే కాదు, గతంలో సోకినట్టు చెప్పే కోర్ యాంటీబాడీని కూడా. మైలోమా అనే మరో రక్త క్యాన్సర్‌కు బోర్టెజొమిబ్ మందు తీసుకునేవారికి అసైక్లోవిర్ అనే వైరస్ నిరోధక మందు ఇవ్వకపోతే సర్పి (హెర్పిస్ జోస్టర్) లేచే ముప్పు పెరుగుతుంది.

ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది. కీమో కోర్సు ఎంతో ముందే లెక్కగట్టవచ్చు. బూజుకు ఇచ్చే లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ ఎన్ని రోజులు ఎక్కించాలో ఎవరూ ముందే చెప్పలేరు. ఖర్చు పెరిగేది ఆలస్యమైన కేసుల్లోనే కనుక ఆలస్యాన్ని కొలవడం ప్రభుత్వానికి లాభసాటి వ్యవహారం. ఆసుపత్రులు క్లెయిమ్‌తో పాటు కేస్ షీట్ ఎలాగూ పంపుతాయి. రక్త క్యాన్సర్ రోగి జ్వరంతో చేరిన ప్రతి కేసులోనూ రెండు సమయాలు రాయడం తప్పనిసరి చేయాలి: గేటు దాటిన సమయం, మొదటి యాంటీబయోటిక్ ఎక్కిన సమయం. అవి కాగితం మీదికి వస్తే ఏ ఆసుపత్రిలో, ఏ జిల్లాలో, రాత్రి ఏ వేళలో ఆ గంట పోతోందో ఆరోగ్యశ్రీ ట్రస్టే ముందుగా చూడగలుగుతుంది.